టోపీ స్టూలు మీద, మనిషి మంచం మీద

మా మనుమరాలు మమత నర్సు చదువు ముగించి ఈ మధ్యే డ్యూటీలో చేరింది. చేరిన వారానికే ఇంటికొచ్చి, "నానమ్మా, పేషెంట్లు మాట వింటలేరు. నువ్వు అంతమంది పోలీసోళ్లతోని ఎట్ల ఏగినవే?" అని అడిగింది. నోటితో చెబితే సగం ఫోను చూస్తూ వింటుంది. అందుకే రాస్తున్నాను. కాగితాలు కొనలేదు. దాని కాలేజీ నోటు పుస్తకాల్లో వెనక మిగిలిన తెల్ల కాగితాలు తీసి దారంతో కుట్టుకున్నాను. నేను చదివింది ఐదో తరగతి. అక్షరం తప్పు పోతే దిద్దుకుని చదవండి. మాట మాత్రం మార్చకండి.

సికింద్రాబాదులో పోలీసుల ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరయ్యాను. పోలీసులకు, వాళ్ల భార్యాపిల్లలకు, ముసలి తల్లిదండ్రులకు వైద్యం చేసే ఆస్పత్రి అది. ఆర్డర్లు, ఇంక్రిమెంట్లు, యూనియన్ గొడవలు రాయను. అవి ఏ కొలువులోనైనా ఉంటాయి. పని సంగతి రాస్తాను.

వీపు చూడాలి

మా ఆయన కానిస్టేబుల్. కామెర్లు ముదిరి ఆ ఆస్పత్రిలోనే పోయాడు. పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. డిపార్టుమెంటు వాళ్లు నాకు ఆయా కొలువు ఇచ్చారు. ఆయన పోయిన వార్డులోనే మొదటి డ్యూటీ పడింది. వేరే వార్డు అడుగుమని మా అన్న చెప్పాడు. అడగలేదు. ఆ మంచాన్ని చూసి నేను ఏడుస్తూ కూర్చుంటే దాని మీద పడుకున్న ఇంకొకరికి దుప్పటి ఎవరు మారుస్తారు?

పని నేర్పింది సుజాత సిస్టర్. వార్డుకు ఇన్‌ఛార్జి. గుడివాడ వైపు మనిషి. గొంతు పెద్దది, చెయ్యి మెత్తన. మొదటి రోజే ఒక మాట చెప్పింది.

"బాలమణీ, పోలీసాయన మొహం చూడకు. మొహం నీకు అబద్ధం చెబుతుంది. ఒత్తిగిలించి వీపు చూడు."

నిజమే. పోలీసు నొప్పి చెప్పడు. ఎలా ఉందంటే "ఠీక్ ఉన్నదమ్మా" అంటాడు. ఠీక్ అన్న మనిషి వీపు కింద చూస్తే తోలు ఎర్రబడి ఉంటుంది. రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం, తడి తుడవడం, దుప్పటి ముడత లేకుండా లాగడం, ఇదే మా పని. ఇందులో గొప్పేముందని కొత్తగా చేరిన పిల్లలు ముక్కు విరుస్తారు. నెలలకు నెలలు నడుము పడిపోయి ఉన్న మనుషులు నా చేతుల మీద వీపు పుండు లేకుండా ఇంటికి పోయారు. డాక్టర్లకు పేరొచ్చింది. రానివ్వండి. ఆ వీపులు నాకు తెలుసు.

పొదుపు సంగతి

నన్ను పిసినారి అనేవాళ్లు. అనుకోనీ. నడుమ చిరిగిన దుప్పటిని పారేయనిచ్చేదాన్ని కాదు. నిలువునా చించి, అరగని అంచులు రెండూ నడుమకు తెచ్చి కుడితే ఇంకో ఏడాది వస్తుంది. అదీ చిరిగితే రబ్బరు షీటు మీద పరిచే గుడ్డ. అదీ పోతే కిటికీలు తుడిచే గుడ్డ. సబ్బు ముక్కలు ఉల్లిగడ్డల జాలీ సంచిలో వేసి నల్లాకు కట్టేదాన్ని.

పొదుపు ఎక్కడ చేయకూడదో కూడా అక్కడే నేర్చుకున్నాను. చేరిన కొత్తలో, వాడి పారేసిన రబ్బరు చేతి తొడుగులు కడిగి వెనక వరండాలో తాడు మీద ఆరేశాను. సుజాత సిస్టర్ చూసింది.

"ఏవిటమ్మా ఈ తోరణాలు? ఎవరి పెళ్లి?"

"కడిగిన సిస్టర్. ఒక్కటి సుత చినగలే. మంచిగనే ఉన్నయి."

"మంచిగానే ఉన్నాయి. ఒక్కోదాన్లో ఒక్కో రోగం ఉంది. ఇంటికి పట్టుకెళ్లి పిల్లలకి తొడుగుతావా?"

అన్నీ నా చేతనే పారేయించింది. చెయ్యి కడుక్కునే సబ్బు దగ్గర, చేతి తొడుగు దగ్గర, పేషెంటు దగ్గర నిలబడే రెండు నిమిషాల దగ్గర పొదుపు చేయకండి. మిగతా అన్నింట్లో చేయండి.

మంచానికి స్టారు లేదు

ఆడవాళ్ల వార్డులోనూ కొన్నేళ్లు చేశాను. మొగుడి భుజం మీది నక్షత్రాలు పెళ్లాం మంచం దాకా వస్తాయని అక్కడ తెలిసింది. ఒక ఇన్‌స్పెక్టరు గారి భార్య కాన్పుకు వచ్చింది. పక్క మంచం మీద కానిస్టేబుల్ భార్య. ఇన్‌స్పెక్టరు గారి భార్య నన్ను పిలిచి మెల్లగా చెప్పింది. "ఆయాగారూ, నన్ను వేరేవైపు మార్చండి. ఆవిడ భర్త మా వారి స్టేషన్లోనే పనిచేస్తాడు. బాగుండదు కదా."

"అమ్మా, ఈడ మంచానికి నంబరే ఉంటది, స్టార్ ఉండదు. మీది నాలుగు, ఆమెది ఐదు. అంతే" అన్నాను.

ముఖం ముడుచుకుంది. మరునాడు కాన్పయ్యాక ఈమెకు పాలు పడక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, ఐదో నంబరు పిల్ల లేచొచ్చి బిడ్డను ఎలా పట్టుకోవాలో దగ్గర కూర్చుని నేర్పింది. ఆ పిల్లకు అది మూడో కాన్పు. స్టారు లేకపోయినా పనితనం ఉంది. వెళ్లేరోజు ఇద్దరూ ఒకే ఫ్లాస్కులో చాయ తాగారు.

ఆ మాట అన్నందుకు చాలా రోజులు నన్ను నేనే గొప్పగా అనుకున్నాను. మళ్లీ మొగవాళ్ల వార్డుకు మారాక మాత్రం ఆ మాట నేనే మరిచిపోయాను. ఇప్పుడు రాయబోయేది ఆ తప్పు గురించే. మమతా, మిగతాది చదవకపోయినా ఇది చదువు.

నేను చేసిన తప్పు

పోలీసు ఆస్పత్రిలో ఒక అలవాటు ఉండేది. ఎక్కడా రాసి లేదు, ఎవరూ చెప్పలేదు. పెద్ద ఆఫీసరు ఎవరినైనా పరామర్శించడానికి వార్డులోకి వస్తే, లేవగలిగిన పేషెంట్లందరూ లేచి మంచం పక్కన నిలబడేవాళ్లు. లేవలేనివాళ్లు చేతులు తొడలకు ఆనించి, మడమలు కలిపి, పడుకునే అటెన్షన్‌లో ఉండేవాళ్లు. టోపీ గుమ్మంలో కనిపిస్తే చాలు, ఒళ్లు దానంతట అదే బిగుసుకుంటుంది. శిక్షణలో ఉస్తాదులు నేర్పిన చదువు అది. మత్తుమందుకు కూడా దిగదు.

నాకది గర్వంగా ఉండేది. నా వార్డు పరేడ్ మైదానంలా ఉండాలి. ఆఫీసరు వస్తున్నాడని కబురు రాగానే దుప్పట్ల మూలలు మడిచి, మందుల బల్లలు వరుసగా జరిపి, గుమ్మం దగ్గర నిలబడి కేక వేసేదాన్ని. "సారొస్తున్నరు, సర్దుకోండ్రి."

ఏడో నంబరు మంచం మీద మల్లేశం ఉన్నాడు. హెడ్ కానిస్టేబుల్. ఒకప్పుడు మా ఆయనతో ఒకే స్టేషన్లో పనిచేశాడు. నన్ను వదినె అనేవాడు. పేగు మెలిక పడితే కడుపు కోసి సరిచేశారు. ఆపరేషన్ అయి ఐదో రోజు. మెల్లగా పక్కకు తిరిగి, దిండు కడుపుకు ఆనించుకుని, మనిషి సాయంతో మాత్రమే లేవాలని డాక్టరు గారు చెప్పారు. నా ముందరే చెప్పారు.

ఆ రోజు పొద్దున ఒక పెద్ద ఆఫీసరు వస్తున్నారని తెలిసింది. బందోబస్తులో రాయి తగిలిన ఒక కుర్ర కానిస్టేబుల్‌ను చూడటానికి. నేను కేక వేశాను. అందరూ లేచారు. మల్లేశం పడుకునే ఉన్నాడు.

నేను ఏమన్నానో అక్షరం పోకుండా రాస్తున్నాను. "ఏం మల్లేశం, అందరు లేసిన్రు. నువ్వొక్కనివే నవాబు లెక్క పండుకుంటవా? నా వార్డు ఇజ్జత్ తీస్తవా?"

అతను నవ్వాడు. "లేస్త వదినె. నీ కమాండ్ మా ఉస్తాద్ కన్న గట్టిగుంటది" అన్నాడు.

అప్పటికే టోపీ గుమ్మంలోకి వచ్చింది. మల్లేశం దిండు పట్టుకోలేదు. పక్కకు తిరగలేదు. వెల్లకిలా ఉన్నవాడు ఒక్క ఊపున లేచి, కిందికి దిగి, మడమ మడమకు కొట్టి నిలబడ్డాడు. ఆఫీసరు నేరుగా ఆ కుర్రవాడి దగ్గరికి పోయి, రెండు మాటలు మాట్లాడి, నాలుగు నిమిషాల్లో వెళ్లిపోయాడు. ఏడో నంబరు వైపు చూడనేలేదు.

మల్లేశం మంచం మీద కూర్చున్నాడు. ముఖం తెల్లబడింది.

"వదినె, ఏందో తడిగున్నది."

చొక్కా ఎత్తి చూశాను. కట్టు గుడ్డ నిండా లేత ఎరుపు నీళ్లు. కుట్లు లోపల ఊడాయని ఆ నీళ్లే చెబుతాయి. నేను కేక వేస్తే సుజాత సిస్టర్ పరుగున వచ్చి, శుభ్రమైన గుడ్డ సెలైన్‌లో తడిపి కడుపు మీద కప్పింది. పది నిమిషాల్లో మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లారు. ఆ స్ట్రెచర్ ఒక కొస నేనే తోశాను.

నోరు మూసుకున్న మూడు రోజులు

ప్రాణానికి భయం లేదన్నారు. తెలివి వచ్చాక పెద్ద డాక్టరు అడిగారు. "ఎందుకు లేచావయ్యా అట్లా?"

మల్లేశం నన్ను ఒక్కసారి చూసి, చూపు పైకప్పుకు తిప్పాడు. "బాత్రూంకు తొందరైంది సార్. నాదే గల్తీ."

చెప్పిన మాట వినకుండా పేషెంటే లేచాడని కేసు షీటులో రాశారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. ఇద్దరు పిల్లలు, సీతాఫల్‌మండిలో కిరాయి గది, ఈ కొలువు తప్ప ఆధారం లేదు. ఇది సాకు అని అప్పుడూ తెలుసు.

సాయంత్రం అతని భార్య అండాలు వచ్చింది. మంచం పక్కన నిలబడి మొగుణ్ని వాయించింది. "బుద్ధి ఉన్నదా నీకు? బెడ్‌ప్యాన్ అడిగితే ఇజ్జత్ పోతదా? పిల్లల మొకం చూడవా?"  తర్వాత నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వన్న పట్టుకోవద్దా ఈ మనిషిని? నువ్వున్నవనే కదా నేను ఇంటికి పోయిన."

 నీళ్ల చెంబు కడగడానికి పోయాను. అది కడిగే ఉంది.

మూడో రోజు రౌండ్సులో డాక్టరు గారు చదువుకునే పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు. ఏడో నంబరు దగ్గర ఆగి, చెప్పిన మాట వినని పేషెంటు ఎలా పాడు చేసుకుంటాడో చూడండి అని వివరించారు. రేపు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చే దగ్గరా ఈ రాత చూస్తారని కూడా అన్నారు. ఫిట్ కాదంటే స్టేషన్ డ్యూటీ పోతుంది. ఒక మూల కుర్చీలో వేస్తారు. మల్లేశానికి స్టేషన్ అంటే ప్రాణం. అతను గోడవైపు ముఖం తిప్పుకున్నాడు. ఆ పిల్లలు రాసుకుంటున్నారు.

రౌండ్సు అయ్యాక సుజాత సిస్టర్ దగ్గరికి పోయాను. "సిస్టర్, మల్లేశం బాత్రూంకు లేవలే. నేను లేపిన."

ఆమె చేతిలో పని ఆపింది. నన్ను తిట్టలేదు. "నాతో కాదు, డాక్టరు గారితో చెప్పు. పద, నేనూ వస్తాను. ఆఫీసరు వస్తున్నాడంటే వార్డంతా నిలబెడుతుంటే ఇన్నేళ్లూ చూసి మురిసిపోయింది నేనే కదా" అంది.

డాక్టరు గారు విన్నారు. "ఎవరైనా చూశారా?" అని అడిగారు.

"వార్డంత చూసింది సార్. ఎవ్వరు చెప్పరు."

"ఆయన నీ మీద చెప్పాడా?"

"చెప్పడు సార్. ఆయన పోలీసు."

"మరెందుకు చెబుతున్నావు?"

"మీరు రాసింది తప్పు సార్. ఆ పిల్లలు సుత అదే రాసుకున్నరు."

ఆయన కేసు షీటు తెప్పించి ఆ వాక్యం కొట్టేసి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టారు. నాకు మెమో ఇచ్చారు. ఇవ్వాల్సిందే. దాన్ని ఇప్పటికీ మా ఆయన ఫోటో వెనక దాచుకున్నాను. మల్లేశం దగ్గరికి పోయి చెప్పేశానని చెప్పాను.

"ఎందుకు చెప్పినవ్ వదినె? గంత అవసరమా?"

"నువ్వు ఎందుకు అబద్ధం చెప్పినవ్?"

"నీ కొలువు పోతే అన్న నన్ను పైనుంచి తిడతడు."

"ఇప్పుడు నన్ను తిట్టుడు ఆపిండు. పండుకో."

అండాలు మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు డబ్బాలో జొన్నరొట్టె తెచ్చి నా ముందర పెట్టి పోయింది.

స్టూలు

ఎవరొచ్చినా పేషెంట్లు లేవకూడదని డాక్టరు గారు నోటీసు అంటించారు. కాగితం గోడ మీద ఉంది. ఒంట్లో ఉన్న అలవాటు కాగితానికి వింటుందా? తర్వాతి వారం ఎవరో డీఎస్పీ వస్తే మళ్లీ సగం మంది లేచారు. నేను అడ్డం పడి పడుకోబెట్టాను.

ఒక ఆదివారం ఇంట్లో అర తుడుస్తుంటే మా ఆయన టోపీ చేతికి తగిలింది. ఆయన బతికున్నప్పుడు టోపీతో గుమ్మం దాటితే పిల్లలు గోడకు ఆనుకుని నిలబడేవాళ్లు. టోపీ అర మీద పెట్టగానే ఒళ్లోకి ఎక్కేవాళ్లు. మనిషి అదే. మారింది టోపీ ఒక్కటే.

సోమవారం వార్డు గుమ్మం బయట ఒక ఇనుప స్టూలు వేశాను. చిరిగిన దుప్పటిలో మంచి ముక్క కోసి, అంచు కుట్టి, గంజి పెట్టి పరిచాను. సుజాత సిస్టర్ చూసి, "ఇదేం పీటమ్మా, ఏ దేవుడికి?" అంది. చెప్పాను. నవ్వలేదు. "అడగ్గలవా?" అంది. అడుగుతానన్నాను.

కొద్ది రోజులకు ఆ పెద్ద ఆఫీసరే మళ్లీ వచ్చారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. 

"సార్, టోపీ ఈడ పెట్టి రండి."

వెనకున్న గన్‌మన్ ముందుకొచ్చాడు. "ఏయ్ అమ్మా, ఎవరనుకుంటున్నవ్ సారును?"

"పెద్దసారనే అనుకుంటున్న. అందుకే అడుగుతున్న. చిన్నోళ్ల టోపీకి ఎవరు లేవరు."

ఆఫీసరు చెయ్యెత్తి అతన్ని ఆపారు. "ఎందుకమ్మా?" అని అడిగారు.

"పోయినసారి మీ టోపీ చూసి ఏడో నంబరాయన లేసిండు సార్. లేపింది నేనే. కడుపు కుట్లు ఊడినయి. మళ్ల కోసిన్రు. మీరు అటు చూడలే."

చివరి మాట అనకూడనిదేమో. వచ్చేసింది.  ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన టోపీ తీసి, స్టూలు మీద పెట్టి, గుడ్డ ముడత కూడా సరిచేశారు.

నేను లోపలికి తిరిగి కేక వేశాను. అదే గొంతు, మాట వేరు. "సారొస్తున్నరు. అందరు పండుకోండ్రి."

ఒక్కరూ లేవలేదు. ఆఫీసరు నేరుగా ఏడో నంబరు దగ్గరికి పోయారు. మల్లేశం పడుకునే ఉన్నాడు కానీ దుప్పటి కింద రెండు కాళ్లూ కర్రల్లా కలిపి పెట్టాడు. ఆఫీసరు దుప్పటి మీదుగా పాదం మీద చెయ్యి వేసి, "కాళ్లు వదులు చేయి, మల్లేశం" అన్నారు. ఎవరో పేరు చెప్పి ఉంటారు. మల్లేశం కాళ్లు వదిలాడు. కళ్లలో నీళ్లు దాచుకోవడానికి దగ్గాడు. దగ్గితే కుట్లకు మంచిది కాదని నేను కసిరాను.

మల్లేశం ఫిట్ అయ్యాడు. అదే స్టేషన్‌కు పోయాడు, అక్కడే రిటైరయ్యాడు. ఇప్పుడు మల్కాజ్‌గిరిలో ఉంటాడు.

స్టూలు అలవాటైపోయింది. కొత్తగా వచ్చిన ఆఫీసర్లకు గన్‌మన్లే ముందుగా చెప్పేవాళ్లు, "సార్, ఈ వార్డులో టోపీ బయట పెట్టాలి" అని. ఒకరిద్దరు పెట్టలేదు. వాళ్లను గుమ్మంలోనే నిలబెట్టి, మీరు చూడటానికి వచ్చిన పేషెంటుకు ఏం చెప్పమంటారో చెప్పండి, నేను చెబుతానన్నాను. ఒకాయన తిరిగి వెళ్లిపోయాడు. నాకేం నష్టం లేదు. గుడ్డ మాత్రం వారానికోసారి మార్చి గంజి పెట్టేదాన్ని. టోపీ తీసిన మనిషికి మర్యాద తగ్గకూడదు.

పేషెంట్లు మాట వినడం లేదని అడిగావు కదా మమతా. నా మాట అందరూ వినేవాళ్లు. తప్పు మాట అన్నా విన్నారు. అదే మొదట భయపడాల్సిన సంగతి. నీ మాట వినే మనిషి మంచం మీద ఉన్నప్పుడు, ఆ మాట అతని ఒంటికా నీ గొప్పకా అని ఒక్కసారి చూసుకుని అను.

చివరి రోజు

రిటైరయిన రోజు వార్డులోనే దండ వేస్తామన్నారు. దండకు డబ్బులు దండగ, పేషెంట్లకు పండ్లు తెండి అన్నాను. రెండూ తెచ్చారు. డాక్టర్లు, సిస్టర్లు, ఒక పెద్ద ఆఫీసరు కూడా వచ్చి టోపీ స్టూలు మీద పెట్టి లోపలికొచ్చారు. ఎప్పుడో రిటైరయిన సుజాత సిస్టర్ కర్ర పట్టుకుని వచ్చింది. నాలుగు మంచి మాటలు చెప్పారు. చప్పట్లు కొట్టారు.

వార్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా మంచాల మధ్య నడిచి బయటికి వస్తున్నాను. ఏడో నంబరు మీద కొత్తగా చేరిన కుర్ర కానిస్టేబుల్ ఉన్నాడు. ముందురోజే ఆపరేషన్ అయింది. నేను దగ్గరికి రాగానే అతని చెయ్యి దుప్పటి అంచు మీదికి పోయింది. మడమలు కలిశాయి.

నేను ఆగి ఒక్క చూపు చూశాను.

చెయ్యి వెనక్కి పోయింది. కాళ్లు వదులయ్యాయి. ఆ వార్డులో ఒక్కరు కూడా లేవలేదు. అందరూ హాయిగా పడుకుని ఉండగా నేను గుమ్మం దాటి, స్టూలు మీది గుడ్డ కొస సరిచేసి, ఇంటికొచ్చాను.